జాడీ అడుగున గీతలు

మొన్న మా ఇంట్లో ఒక చిన్న యుద్ధం జరిగింది. టాటానగర్ పక్కన గోవింద్‌పూర్‌లో ఈ ఫ్లాటుకి మారి నాలుగు రోజులే అయింది, సామాన్లు ఇంకా సగం గోనెసంచుల్లోనే ఉన్నాయి. పనిచేసే సరిత పాత్రలన్నీ బాల్కనీలో పరుచుకుని తోముతోంది. నేను లోపల పుస్తకాల అట్టపెట్టెతో కుస్తీ పడుతుంటే బరబరా గీకుతున్న చప్పుడు వినిపించింది. తొంగి చూద్దును కదా, సరిత మా అమ్మ నాటి ఆవకాయ జాడీని బోర్లించి, దాని అడుగు మీద ఇనప పీచు పెట్టి రుద్దుతోంది. "రుకో! రుకో!" అని, ఆగమంటూ నేను వేసిన కేకకి పక్క ఫ్లాటు వాళ్లు తలుపు తీసి చూశారు. "మాజీ, నీచే కిత్నా దాగ్ హై, దేఖియే నా" అని సరిత బిక్కమొహం వేసింది. మరకలట! నేను జాడీని లాక్కుని ఒళ్లో పెట్టుకుని, చీర కొంగుతో తుడిచి, గీతలు ఒక్కొక్కటీ చూసుకున్నాను. పీచు రెండుసార్లే తిరిగింది కాబట్టి సరిపోయింది. ఓ అంచున కాస్త మసకబారాయి, అంతే.

నా మనవరాలు మిన్ను పదకొండేళ్ల పిల్ల. గుమ్మంలో నిలబడి, "అమ్మమ్మా, ఇత్నా గుస్సా? ఏక్ జార్ కే లియే?" అంది, ఒక్క జాడీకి ఇంత కోపమా అని. నేను దానితో తెలుగులో మాట్లాడతాను, అది నాకు హిందీలో జవాబు చెప్తుంది. మా ఇంట్లో అదే రివాజు. నాకు కోపం ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే, కొత్తగా దాచుకునేదేమీ లేదు. కానీ ఆ జాడీ అడుగున ఉన్నవి మరకలు కావు. జాడీకి ఒళ్లంతా నునుపుగా గాజు పూత ఉంటుంది గానీ అడుగున ఉండదు. అక్కడ గరుగ్గా, తెల్లగా, పెంకులాగే ఉంటుంది. ఆ తెలుపు మీద ఎర్ర గీతలు, నల్ల గీతలు, కాఫీరంగు గీతలు, పసుప్పచ్చ గీతలు. నడిమధ్యన వంకరటింకరగా ఎర్రగా ఇంకొకటి ఉంది. అదిగాని చెరిగి ఉంటే సరితతో ఈ జన్మలో మాట్లాడేదాన్ని కాదు.

నా చిన్నప్పుడు మేము ఈ ఊళ్లోనే బర్మామైన్స్‌లో ఉండేవాళ్లం. రైలు పట్టాలకి ఎంత దగ్గరంటే, బండి వెళ్తుంటే గూట్లో గ్లాసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. రెండు గదులు, ముందు ఒక అరుగు, అరుగు మీద బొగ్గుల కుంపటి. మా నాన్న టాటానగర్ స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. మా అమ్మ నరసమ్మ రాళ్లు ఏరే పని చేసేది. మా ఇంటికి పావుగంట నడకలో, గూడ్సు బళ్లు ఆగే సైడింగ్ పక్కన, కొలుములకి రకరకాల రాయి సరఫరా చేసే ఒక కంపెనీ యార్డు ఉండేది. వ్యాగన్లలోంచి దింపిన రాయి గుట్టలు గుట్టలుగా పడి ఉండేది. ఆ గుట్టల ముందు పన్నెండు మంది ఆడవాళ్లు గొంతుక్కూచుని, సుత్తితో రాయి పగలగొట్టి, పనికొచ్చేది ఓ పక్కకి, పనికిరానిది ఓ పక్కకి వేసేవారు. మాది శ్రీకాకుళం వైపు. ఆ పన్నెండు మందిలో ఎనిమిది మంది మా వైపు వాళ్లే. మా వైపు వాళ్లకీ, మిగిలిన నలుగురికీ కూడా ఏ రాయి మీదైనా అనుమానం వస్తే మా అమ్మ దగ్గరికే పట్టుకొచ్చేవారు.

పొద్దున్న కంపెనీ సైరను, అదే భోంపు, మోగకముందే అమ్మ లేచేది. కుంపటి రాజేసి, మాకు అన్నం వండి, తను మాత్రం రాత్రి తరవాణిలో నానేసిన అన్నం, ఉల్లిపాయ టిఫిన్‌డబ్బాలో పెట్టుకుని వెళ్లిపోయేది. తిరిగొచ్చేసరికి ఆమె చీర రంగు ఏదో చెప్పడం కష్టం. పెరట్లో నీళ్లు పోసుకుంటే కాలువలో ఎర్రగా పారేది. కొన్ని రోజులు నల్లగా పారేది. నీళ్ల రంగు చూసి ఆ వేళ యార్డులో ఏ రాయి దిగిందో మేము చెప్పేసేవాళ్లం. చేతులు చింతపండుతో తోముకున్నా గోళ్ల సందుల్లో నలుపు వదిలేది కాదు. ఆవిడ పక్కన పడుకుంటే తడిమట్టి వాసన, ఇనుము వాసన, ఆ రెంటి మీద కాస్త ఆముదం వాసన. ఇప్పటికీ ఎండలో మొదటి వానచుక్క పడగానే అందరికీ మట్టి గుర్తొస్తుందిట. నాకు మా అమ్మ మెడ గుర్తొస్తుంది.

యార్డులో తేలని రాయి ఏదైనా ఉంటే కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చేది. మా నాన్న బీడీ ముట్టించుకుంటూ, "బియ్యంలో రాళ్లు ఏరి పారేత్తావు, సైడింగ్‌లో రాళ్లు ఏరి ఇంటికి తెత్తావు. ఏటే నీ లెక్క?" అని వేళాకోళం చేసేవాడు. "నీకు సిగ్నల్ దీపాలు తప్ప రంగులేటి తెలుసు గాని ఊరుకో" అనేది అమ్మ. ఆ రాయిని అరచేతిలో పెట్టుకుని ముందు బరువు చూసేది. తర్వాత గోరుతో గీకేది. గోటికి లొంగకపోతే జడకి పెట్టుకునే ఇనప పిన్నుతో గీకేది. దానికీ లొంగకపోతే ఆ రాయితోనే మందుసీసా మీద గీసి, గాజు మీద గీత పడిందా లేదా చూసేది. ఆఖరికి అలమర కింద నుంచి జాడీ లాగేది. పచ్చడి ఉంటే రెండు చేతులతో వాల్చిపట్టుకుని, ఖాళీగా ఉంటే బోర్లించి, అడుగున రాయిని గట్టిగా నొక్కి ఒక గీత గీసేది. గచ్చు మీద గీస్తే గచ్చు నలుపు, ఇటుక మీద గీస్తే ఇటుక ఎరుపు. ఇంట్లో తెల్లగా, గరుగ్గా ఉన్నది జాడీ అడుగొక్కటే. జాడీ కడిగినా అడుగు తోమకూడదని మా ఇంట్లో చట్టం.

పేర్లు ఆవిడకి ఆవిడవే. పలుగురాయి, బలపం రాయి, కాకిబంగారం లాంటివి ఊరినుంచి వచ్చిన పేర్లు. మిగతావి తను పెట్టుకున్నవి. చేతికి మసి అంటించే నల్లరాయి మసిరాయి. ఎంత చిన్నగా పగలగొట్టినా పక్కకి వాలిన పెట్టె ఆకారంలోనే విడిపోయే తెల్లరాయి కలకండ రాయి. నేను కాలేజీలో చేరి ఇంటర్ సైన్సులో జియాలజీ తీసుకున్నాక, అవన్నీ నా పుస్తకంలో ఇంగ్లీషు పేర్లతో కనిపించాయి. జియాలజీ ఎందుకు తీసుకున్నావని అడిగితే మిగతా సీట్లు అయిపోయాయని చెప్పేదాన్ని. అబద్ధం. అమ్మకి తెలిసినది నాకూ తెలియాలని తీసుకున్నాను.

ఒకరోజు యార్డులో కబురు పుట్టింది. బెల్టు వస్తోంది, యంత్రం జల్లెడ వస్తోంది, ఇంక చేత్తో ఏరుడు బంద్ అని. పన్నెండు మందినీ తీసేస్తారు. కాకపోతే శాంపిల్ రూములో ఒక ఉద్యోగం ఉంది, పర్మనెంటు. వచ్చిన రాయి ఏ రకమో చూసి చెప్పే పని. దానికి పరీక్ష పెడతారు. పది రాళ్లు బల్ల మీద ఉంటాయి, వాటి పేర్లు రాయాలి. రాయడం రానివాళ్లు ఎవరినైనా వెంట తెచ్చుకుని రాయించుకోవచ్చు. ఆ వేళ అమ్మ చేతులు తోముకోకుండా అరుగు మీద కూర్చుండిపోయింది. నాన్న, "పోనీలేవే, ఇంట్లో కూకో. పద్నాలుగేళ్లు దుమ్ము తిన్నావు, సాలదేటి?" అన్నాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు. "గేటుకాడ బాబు మమ్మల్ని రోజూ సుద్దముక్కతో లెక్కెడతాడు. పన్నెండు రేజాలు లోపలికి, పన్నెండు రేజాలు బైటికి. మజ్జిలో నానెవుర్తినో ఎవుడికీ అక్కర్లేదు. నాకు పాసు కావాలి. నా బొమ్మ, నా పేరు ఉండే పాసు" అంది. రేజా అంటే అక్కడ ఆడకూలీ. మా అమ్మ నోట "నాకు కావాలి" అన్న మాట నేను అంతకు ముందు వినలేదు. తర్వాత కూడా పెద్దగా విన్నది లేదు.

ఇంక నేను రంగంలోకి దిగాను. ఎంత పొగరుగా దిగానో తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పరీక్షకి నెల ఉంది. మామిడికాయలు ఇంకా ముదరలేదు, పాత ఆవకాయ అయిపోయింది, జాడీ ఖాళీగా అరుగు మీద బోర్లించి ఉంది. నేను పుస్తకం తెరిచి రంగు బొమ్మలు చూపించి, "నల్లగా ఉంటే మాంగనీస్ అను. ఎర్రగా ఉంటే హెమటైట్ అను. తెల్లగా మెరిస్తే క్వార్ట్జ్ అను" అని పంతులమ్మలా చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ "ఎమటైటు, కోడ్సు" అని పాఠం వప్పజెప్పేది. మూడోరోజు కత్తిపీట పక్కన పెట్టేసింది. "ఓలె సత్తెమ్మా, రంగు నమ్మకే. రంగు ఎండకి మారతాది, వానకి మారతాది, పక్కరాయి దుమ్ముకి మారతాది. గీత మారదు. ఇరిగినకాడ మొగం మారదు" అంది.

అని లేచి, తన సుత్తి తెచ్చి, రెండు తెల్లరాళ్లు నా ముందు పెట్టింది. పుస్తకంలో బొమ్మకి రెండూ సరిపోయేలాగే ఉన్నాయి. మొదటిది పట్టుకుని నాలుగు వైపులా తిప్పి, "దీనికి జాడ లేదు. ఏ పక్క కొట్టినా ఒకటే. సిప్పలాగ ఊడతాది సూడు" అని కొట్టింది. ఆలిచిప్ప లోపలివైపులా గుండ్రంగా గుంటపడి పెచ్చు ఊడింది. రెండోది తిప్పి, ఒక గీత దగ్గర బొటనవేలు ఆనించి, "దీనికి జాడుంది. ఇదిగో, ఇక్కడ ఇరగాలని దానికే ఉంది" అని మెల్లిగా తట్టింది. చాకుతో కోసినట్టు మూడు పక్కల నున్నగా విడిపోయింది. అందులో చిన్న ముక్కని మళ్లీ తట్టింది. మళ్లీ అదే ఆకారం. నా పుస్తకంలో దీని మీద రెండు పేజీలున్నాయి. ఖనిజం జాడపట్టి విడిపోవడం వేరు, అడ్డదిడ్డంగా పగలడం వేరని బట్టీపట్టి, పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ తేడా నా కళ్లతో చూసింది మాత్రం ఆ సాయంత్రం మా అరుగు మీద. నాకు బుద్ధి అప్పుడే రావలసింది. రాలేదు.

పరీక్ష రోజున అమ్మ తెల్లచీర కట్టుకుంది, యార్డుకి ఎప్పుడూ కట్టుకోని చీర. నేను పెన్సిలు, కాగితం పట్టుకుని వెనకే నడిచాను. మొత్తం నలుగురు వచ్చారు. మిగతా ముగ్గురూ మెట్రిక్ పాసైన మగవాళ్లు. వాళ్లని ఒకరి తర్వాత ఒకరిని లోపలికి పిలిచి పంపించేశారు. అమ్మ వంతు ఆఖరున వచ్చింది. గదిలో పచ్చగుడ్డ పరిచిన బల్ల, దాని మీద నెంబర్లు వేసి పది రాళ్లు. గోడవారన గాజు బీరువా. ఆ రాళ్లు అందులోంచి తీసినవే. బల్ల వెనక ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన లాబ్ బాబు, మందపాటి కళ్లద్దాల బెంగాలీ ఆయన, తక్కువ మాట్లాడతాడు. రెండో ఆయన మున్షీ, యార్డులో హాజరు చూసే గుమాస్తా. ఆయన తక్కువ మాట్లాడడు.

అమ్మ బల్లంతా ఒకసారి చూసి, "హథౌడా కహా హై?" అంది. సుత్తేదీ అని. మున్షీ నవ్వాడు. షోకేసులో రాళ్లు, పగలగొట్టడానికి కాదు, చూసి చెప్పాలన్నాడు. ముట్టుకోవచ్చు, అంతే. అమ్మ నా వైపు తిరిగి, "ఏటే ఇది? మొగం సూడకుండా ఎలగ సెప్పడం? ఈటి మీదన్నీ ఏళ్లనాటి దుమ్ము" అంది. పైగా ఆ కుర్చీలు, ఆ ఫ్యాను, ఆ పచ్చగుడ్డ చూసేసరికి నెలరోజులు నేర్పిన ఇంగ్లీషు పేర్లన్నీ అమ్మ నోట్లోంచి ఎగిరిపోయాయి. ఒక్కటి మిగల్లేదు. నీళ్లు కావాలంది. తాగింది. కొంగుతో చేతులు తుడుచుకుని మొదటి రాయి తీసుకుంది.

అరచేతిలో తిప్పింది. ఒక మూల పాత పెచ్చు ఊడిన చోటు వెతికి వేలు పెట్టి తడిమింది. "సిప్ప ఊడింది. పలుగురాయి." నేను క్వార్ట్జ్ అని రాశాను. రెండోది చూడగానే అంచున గోరు దూర్చి పొర లేపింది. "కాకిబంగారం." మైకా అని రాశాను. మూడోది గోరుతో గీకి, పొడి వేళ్ల మధ్య రాసుకుని, "జారతంది. బలపం" అంది. నాలుగోది కలకండ రాయి. అయిదోదానికి జడలోంచి ఇనప పిన్ను తీసి దగ్గర పెడితే పిన్ను ఎగిరి అతుక్కుంది. "సూదంటురాయి" అంటూ అమ్మ నవ్వింది. ఆ పిన్ను చూసి లాబ్ బాబు కుర్చీలో కాస్త ముందుకి జరిగాడు. ఆరోది సున్నపురాయి. అమ్మ తన పేర్లు చెప్పడం, నేను వాటిని కాగితం మీద ఇంగ్లీషులోకి మార్చడం. నా చెయ్యి ఆగడం లేదు. అబ్బ, నాకెంత గర్వంగా ఉందో! బల్ల మీదికెక్కి అరవాలనిపించింది.

ఏడో రాయి నల్లగా, గుండ్రంగా, మొద్దుగా ఉంది. అమ్మ ఇంకా చేతిలోకి తీసుకోనేలేదు, నా కళ్లు బీరువా వైపు పోయాయి. రాళ్లు తీసేశారు గానీ, చీటీలు మాత్రం బోర్లించి వదిలేశారు. ఏడో నెంబరు చీటీ ఒక్కటి మాత్రం తిరగబడి, రాత పైకి కనిపిస్తోంది. దాని మీద మాంగనీస్ అని ఇంగ్లీషులో చక్కగా టైపు చేసి ఉంది. పుస్తకంలో బొమ్మ కూడా అదే నలుపు. నేను టకీమని రాసేశాను. అమ్మకి చదవడం రాదుగానీ పెన్సిలు కదలడం కనిపిస్తుంది కదా. "నానింకా సెప్పలేదు. ఏటి రాసినావు?" అంది.

"మసిరాయి" అన్నాను గొంతు తగ్గించి. మాంగనీస్‌కి ఆవిడ పెట్టుకున్న పేరు అదే.

"కాదే. సెయ్యి సూడు. మసి అంటలేదు. ఆ పేరు కొట్టీ."

"అమ్మా, అదే రైటు. అక్కడ చీటీ మీద రాసుంది. నోరుమూసుకుని మసిరాయి అను, పాసు వస్తుంది."

అన్నాను. ఆ మాటే అన్నాను. మా అమ్మని నోరుమూసుకోమన్నాను, అదీ రాళ్ల విషయంలో. ఆ చీటీలో ఏముందో అదే వాళ్ల దగ్గరున్న జవాబని నాకు తెలుసు. కాదంటే మార్కు పోతుంది, మిగతా ముగ్గురూ చీటీలో ఉన్నదే రాసి ఉంటారు, అమ్మ రేపట్నుంచి గేటు దగ్గర లెక్కలో కూడా ఉండదు. అమ్మ నన్ను తిట్టలేదు. "సీటీ ఎవుడు రాసినాడే? రాయి పుట్టిన్నాడు పక్కనున్నాడేటి ఆడు?" అంది, అంతే.

అని గదంతా వెతుకుతున్నట్టు చూసింది. కిటికీ దిమ్మ మీద లాబ్ బాబు తాగేసిన టీకప్పు ఉంది. తెల్ల పింగాణీ కప్పు. అమ్మ లేచి వెళ్లి ఆ కప్పు తీసి, అడుగున మిగిలిన టీ కిటికీలోంచి బయటికి పారబోసి, కప్పు బోర్లించింది. కప్పు కింద బల్లకి ఆనే అంచు ఉంటుంది చూడండి, అక్కడ పూత ఉండదు. అచ్చం మా జాడీ అడుగే. కొంగుతో తుడిచి, ఆ అంచు మీద నల్లరాయిని నొక్కి లాగింది. మున్షీ "అరే, అరే, కప్ ఖరాబ్ కర్ దియా!" అని లేచాడు. అమ్మ కప్పుని లాబ్ బాబు మొహం ముందు పెట్టింది.

ఎర్ర గీత. ఎండుమిరపకాయ పొడంత ఎరుపు.

"దేఖో బాబూ. మసి పత్తర్ హోతా తో కాలా లిఖ్తా. ఏ లాల్ లిఖా. ఏ లోహా హై" అంది అమ్మ. మసిరాయి అయితే నల్లగా రాసేది, ఇది ఎర్రగా రాసింది, ఇది ఇనుము అని. ఆవిడ హిందీ అలాగే ఉండేది, సగం మా ఊరిది. మున్షీ, "సర్, లేబుల్ పర్ సాఫ్ లిఖా హై" అని, చీటీ మీద స్పష్టంగా రాసుందన్నట్టు బీరువా వైపు చెయ్యి చూపించాడు. లాబ్ బాబు ఆయన వైపు చూడలేదు. రాయి తను తీసుకున్నాడు. కప్పు తిప్పి రెండో గీత తనే గీశాడు. మళ్లీ ఎరుపే. కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. సొరుగు తెరిచి సుత్తి తీసి, పిడి ముందుకి వచ్చేలా పట్టుకుని, మా అమ్మకి అందించాడు.

అమ్మ నేల మీద గొంతుక్కూచుంది. రాయిని నాలుగు వైపులా తిప్పి ఒకే దెబ్బ వేసింది. రెండు ముక్కలైంది. లోపల ఉక్కులా తళుక్కుమంది, అంచుల వెంట ఎర్రటి పొడి. లాబ్ బాబు నా వైపు తిరిగి, ఏడుకి ఏం రాశావని అడిగాడు. నా తల వంగిపోయింది. చెరిపేద్దామని రబ్బరు కోసం తడుముకుంటుంటే, "మిటావో మత్" అన్నాడు. చెరపొద్దు, కొట్టేసి కింద రాయి, తప్పు కూడా కనబడాలి అన్నాడు. కొట్టేసి, కింద హెమటైట్ అని రాశాను. మిగిలిన మూడు రాళ్లూ అమ్మ సుత్తి పక్కన పెట్టుకునే చెప్పింది. ఎవరూ వద్దనలేదు.

సాయంత్రానికి అమ్మ పేరే చెప్పేశారు. మిగతా ముగ్గురూ ఏడుకి మాంగనీసే రాశారట. మున్షీ అప్పటికీ ఊరుకోలేదు. చదువు రాని మనిషి లేబుళ్లు ఎలా రాస్తుందని అడిగాడు. లాబ్ బాబు అన్న మాట నేను చెవులారా విన్నాను. "లేబుల్ లిఖ్‌నే వాలే బహుత్ హై." రాసేవాళ్లు చాలామందే ఉన్నారు అని. పగిలిన ఏడో నెంబరులో ఒక ముక్క బీరువాలో పెట్టించి, రెండో ముక్క అమ్మకిచ్చాడు. మర్నాడు పాసు పని మీద వెళ్లి చూస్తే ఆ చీటీ మారి ఉంది.

ఇంక పాసు. ఫోటో తీయించారు. సంతకం చెయ్యాలి, లేకపోతే వేలిముద్ర వేసినా చాలన్నారు. మూడు రోజుల్లో రమ్మన్నారు. అమ్మ ఇంటికొచ్చి, "ఏలిముద్ర ఎయ్యను" అంది. నాన్న బీడీ పక్కన పెట్టి నా వైపు చూశాడు. నేను నా పాత పలక, బలపం వెతికి తెచ్చాను. అమ్మ బలపం రెండు వేళ్లతో పట్టుకుని, అక్షరం దిద్దబోయి, విరిచేసింది. ఇంకొకటి ఇచ్చాను. అదీ విరిచేసింది. "ఈ పుల్లలు నా సేతికి ఆనవే. నాకు తెలిసిన రాయి ఇయ్యి" అని కొంగు ముడి విప్పి, ఏడో నెంబరు ముక్క తీసింది. బోర్లించిన జాడీని ఒళ్లోకి లాక్కుంది.

మూడు సాయంత్రాలు. మొదటిరోజు నేను చెయ్యి పట్టి రాయించాను. అరచెయ్యి ఎంత గరుగ్గా ఉందంటే నా వేళ్లు గీరుకున్నాయి. రాసింది తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసేది. రెండోరోజు నా చెయ్యి తోసేసింది. ఒక అక్షరం అటు ఒరిగింది, ఒకటి ఇటు ఒరిగింది, ఆఖరిది జాడీ అంచు మీదికి ఎక్కబోయింది. మూడోరోజు రాసి, తుడవలేదు. దూరంగా పెట్టి చూసుకుంది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, కూడబలుక్కుని చదివి, "ఓలమ్మో, జాడీకి పేరెట్టేసినావేటే!" అన్నాడు. అని గోడ వైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు. ఆ ఆదివారమే కొత్త ఆవకాయ పెట్టారు.

పాసు వచ్చిన రోజు నేను కూడా గేటు దాకా వెళ్లాను. కాలేజీ ఎగ్గొట్టాను, నిజం చెప్పాలంటే. బెల్టు ఇంకా బిగించలేదు కాబట్టి ఆడవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. గేటు బాబు అలవాటు కొద్దీ సుద్దముక్క పట్టుకుని ఏక్, దో, తీన్ అంటూ తలలు లెక్కపెడుతున్నాడు. అమ్మ ఆఖరున ఉంది. "బారహ్", పన్నెండు అనబోయాడు. అమ్మ ఆగి, రవికెలోంచి పాసు తీసి, ఆయన కళ్ల ముందు పెట్టింది.

"గినో మత్, బాబూ," అంది. "పఢో." లెక్కపెట్టకు, చదువు అని.

ఆయన చదివాడు. పైకే చదివాడు. నేను కంచెకి ఇవతల నిలబడి విన్నాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లకి పైగా ఆవిడ ఆ శాంపిల్ రూములో పనిచేసింది.

గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి. గొప్పే మరి. నేను ఆ తర్వాత ఎమ్మెస్సీ చదివి, ఈ ఊళ్లోనే పిల్లలకి జియాలజీ చెప్పాను. ప్రాక్టికల్ పరీక్షలో బల్ల మీద రాళ్లతో పాటు ఒక సుత్తి, పూత లేని ఒక పింగాణీ పలక పెట్టకుండా ఏనాడూ పరీక్ష జరపలేదు. నమూనాలు పాడైపోతున్నాయని ఆఫీసు వాళ్లు గొడవపడేవారు. నేనూ గొడవపడేదాన్ని. నాకు కోపం ఎక్కువని చెప్పానుగా. ఇప్పుడు యార్డుల్లో రాయి ముట్టుకునేవాళ్లే లేరు, యంత్రం చూసి అంకెలు చెప్పేస్తుంది. తప్పు కూడా తక్కువే, ఒప్పుకుంటాను. దుమ్ము తినే ఆడవాళ్లు లేరంటే సంతోషమే. మా అమ్మ ఆఖరి రోజుల్లో దగ్గిన దగ్గు నేను మర్చిపోలేదు. కానీ ఈమధ్య నా దగ్గరికి సందేహాలు అడగడానికి వచ్చే పిల్లలు ఫోనులో రాయి ఫోటో చూపించి పేరు చెప్పమంటారు. గీసి చూశావా, విరిచి చూశావా, కనీసం చేత్తో ఎత్తి చూశావా అంటే నా మొహం చూస్తారు. చీటీ చూసి రాసేసిన ఆ ఇంటర్ పిల్లే నాకు వాళ్లందరిలో కనిపిస్తుంది. అందుకే వాళ్ల మీద కోపం ఎక్కువసేపు నిలవదు.

మిన్ను ఇదంతా బాల్కనీలో, తోమిన పాత్రల మధ్య కూర్చుని విన్నది. సరిత కూడా పీచు పక్కన పడేసి విన్నది. మిన్నుకి తెలుగు చదవడం రాదు. జాడీ అడుగున నడిమధ్యనున్న ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి, "తో యే ఉన్‌కా నామ్ హై?" అంది. అవును, ఆవిడ పేరే. "పఢ్‌కే సునావో నా" అంది. నేను చదవలేదు. లోపలికి వెళ్లి, నా పుస్తకాల పెట్టె అడుగునుంచి ఏడో నెంబరు ముక్క తెచ్చి దాని చేతిలో పెట్టాను. అది బరువు చూసి కళ్లు పెద్దవి చేసింది. పక్కన కాస్త జాగా ఉంది. ముత్తమ్మమ్మ పేరు చూసి, అలాగే అక్కడ దించమన్నాను. చెయ్యి పట్టుకోలేదు. "అమ్మమ్మా, పత్తర్ తో కాలా హై" అంటూనే, ఆ నల్లరాయిని నొక్కి మొదటి అక్షరం మొదలుపెట్టింది. రాయి ఇంకా ఎర్రగానే రాస్తోంది.